ముప్పై రెండో రిహార్సల్

"ఇంకోటి పెట్టనా?" అన్నాడు బైండరు.

వంటగట్టు మీద ట్యాబ్‌ను పాలగిన్నెకు చేరగిలేశాడు. పాలు ఎప్పుడో పొంగి, గట్టంతా పాకి, ఎండి అట్టకట్టాయి. తుడిచే దిక్కు లేదు.

అతని భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇవాళ బడికి సెలవు పెట్టింది కానీ, అలవాటు కొద్దీ సంచి భుజానికి తగిలించుకునే ఉంది.

"వద్దు," అంది.

అతను పెట్టాడు.

ముందు ఆమె గొంతు. "తమ్ముడి సంగతి మాట్లాడాలి. కాసేపు కూర్చుంటావా?"

రెప్పపాటు కూడా ఆగకుండా అతని గొంతు. "కిడ్నీ సంగతేగా? నా వల్ల కాదు. రెక్కాడితే గానీ గడవని వాణ్ణి. మంచమెక్కితే ఎలా?"

గొంతు అతనిదే. మాటకు ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం, 'గానీ' దగ్గర సాగదీయడం, అన్నీ అతనివే. ఆ మాటలు మాత్రం అతను జన్మలో అనలేదు.

ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితం ఫొటో కోసం ఆమె ట్యాబ్‌లో వెతుకుతుంటే పొద్దున కనిపించిందది. చిన్న బొమ్మ, దాని కింద 'ఆయన' అని పేరు. తనకోసం ఏదో దాచిందనుకుని సంబరంగా తెరిచాడు.

"ఇది మీ బడిలో ఇచ్చిన ప్రోగ్రామే కదూ," అన్నాడు. "పోట్లాటకొచ్చే తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో ముందే సాధన చేసుకోమని. వాళ్ళ ఉత్తరాలూ గొంతూ అందులో వేస్తే అచ్చం వాళ్ళలాగే జవాబు చెప్తుందని నువ్వే చెప్పి నవ్వావు. ఆ జాబితాలోకి నేనెప్పుడెక్కాను?"

"మీరు పోట్లాడరు. పోట్లాడే మనిషైతే నాకీ అవసరమే వచ్చేది కాదు. మీరు పలకరు."

"ఆలోచించి పలుకుతాను."

"మీ ఆలోచన తెమిలేసరికి ఇక్కడ మనుషులకు జుట్టు నెరుస్తుంది."

వేరే రోజైతే అతను నవ్వేవాడు. ఆమె నెరిసిన జుట్టు వంక చూసి మరీ నవ్వేవాడు.

గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే గదిలో అతనిది ఇరవై రెండేళ్ళ నౌకరీ. అట్ట అతికించిన పుస్తకాన్ని రాత్రంతా బరువు కింద ఉంచాలి. ఆరకముందే తెరిస్తే అట్ట మడత పడే కీలు దగ్గర చిట్లుతుంది. ఎవరేమడిగినా అతను అలాగే మనసులో బరువు కింద పెడతాడు. ఇంట్లో ఇదో వేళాకోళం. ఇంట్లో ఇదో బాధ కూడా.

"నా గొంతు ఎక్కడ దొరికింది?"

ఆమె చూపు అతని ఫోను మీదికి వెళ్ళింది. అతనికి తెలిసిపోయింది.

పనిలో ఉన్నప్పుడు చేతుల నిండా జిగురు. ఫోన్లో అక్షరాలు కొట్టడం కుదరదు. మోచేత్తో మైకు బొత్తం నొక్కి మాటలు పంపేవాడు. తొమ్మిదేళ్ళుగా. పాలు తేనా? మబ్బేసింది, గొడుగు మర్చిపోకు. ఇవాళ ఓ నిఘంటువు వచ్చింది, వెన్ను మొత్తం ఊడిపోయింది, పాపం, ముసలి మనిషిలా ఉంది. పాపకు జ్వరం తగ్గిందా?

"ఒక్కటి కూడా చెరపలేదన్నావు ఆ మధ్య. ప్రేమతో దాచుకున్నావనుకున్నాను."

"ప్రేమతోనే దాచుకున్నాను."

"మరి దానికెందుకు మేతేశావు?"

ఆమె సంచి దించి కుర్చీలో పెట్టింది. మళ్ళీ తీసి భుజానికి తగిలించుకుంది.

"నా తమ్ముడు చచ్చిపోతున్నాడు కాబట్టి," అంది. "నాది సరిపడలేదు, మీ రక్తం గ్రూపైతే సరిపడుతుందన్నారు కాబట్టి. ఎలా అడగాలో తెలీక, ఎక్కడ మీ మనసు విరిగిపోతుందో తెలీక. మీ మీద చెయ్యి చేసుకోలేక దిండును కొట్టుకున్నట్టు అనుకోండి."

"దిండు తిరిగి మాట్లాడదు."

అతను తెర మీద వేలు పెట్టి పైకీ కిందికీ జరిపాడు. తేదీలు దొర్లిపోయాయి.

"ముప్పై రెండుసార్లు," అన్నాడు.

"ముప్పై ఒకటి."

"ఇక్కడ ముప్పై రెండని ఉంది."

"ముప్పై ఒకటే. నేను లెక్క పెట్టుకున్నాను."

"బాగుంది. దొంగతనం చేసి, లెక్క కూడా తప్పు చెప్తున్నావు."

ఆమె ముఖం మీద చరిచినట్టు అయింది. అయినా గొంతు పెంచలేదు. "ముప్పై ఒక్కసార్లూ అది కాదనే అంది. ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. మీరు వింటే తెలుస్తుంది."

"వినను. దానికి నువ్వేం చెప్పావో వినక్కర్లేదు. నాకేం చెప్పావో గుర్తు తెచ్చుకుంటే చాలు."

అదే అతన్ని పొద్దుటి నుంచీ తొలిచేస్తోంది. ఆరు వారాల కిందట, ఎవరూ అడక్కుండా, భోజనాల దగ్గర అతనే అన్నాడు, నీ తమ్ముడు చంటికి నా కిడ్నీ ఇస్తానని. ఆమె కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఏడ్చేసింది. ఈ శుక్రవారం ఆపరేషన్. తన బతుకులో పెద్ద పనంటూ ఏదైనా తనంతట తాను చేశాడంటే అదొక్కటే అనుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ప్రతి మాట వెనకా ఎవరో నక్కి ఉన్నట్టుంది. ఆ సాయంత్రం, భోజనాలకు ముందు గిన్నెలు సర్దుతూ ఆమె "చంటి ఇవాళ నవ్వాడండీ" అంది. అది ఊరికే అన్న మాటా? సాధన చేసి అన్న మాటా? అంతకు ముందు వారం అతని చొక్కాకు గుండీ కుట్టింది. అదీ అంతేనా?

"ఇంకో సంగతి," అన్నాడు. గొంతు తగ్గింది. "దాన్ని 'నువ్వు' అన్నావు."

"ఏంటీ?"

"ఇరవై ఏళ్ళ నుంచీ నన్ను 'మీరు' అంటున్నావు. 'నువ్వు' అనమని పెళ్ళైన కొత్తలో బతిమాలాను. నోరు తిరగదన్నావు. దానితో బాగానే తిరిగింది."

 దేనికైనా జవాబు సిద్ధం చేసుకునే మనిషి దీనికి మాత్రం చేసుకోలేదు. ఆ సంగతి అతను గమనించాడు. గమనించి కూడా దయ తలచలేదు.

పాప వచ్చింది. పదిహేడేళ్ళు. జడ సగం వేసుకుని, సగం చేత్తో పట్టుకుని ఉంది.

"పదింటికి ఆసుపత్రిలో ఉండాలి. మిగతా పోట్లాట బస్సులో పెట్టుకోండి."

"నేనెందుకు?" అన్నాడు బైండరు. "దాన్ని తీసుకెళ్ళండి. కౌన్సెలర్ ఏమడిగినా టకటకా చెప్పేస్తుంది. ఒక్క కిడ్నీయే తక్కువ దానికి."

 పాప గట్టు మీది ట్యాబ్ తీసి, ఎండిన పాలమరక చొక్కా చేత్తో తుడిచి, చంకలో పెట్టుకుంది.

బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు. అతను కిటికీ పక్కన. ఆమె రెండు వరుసల ముందు. ఆమె మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. తనకే తెలుసనుకునేవాడు దాని సంగతి. బస్సెక్కినవాళ్ళందరికీ కనిపిస్తుందని ఇవాళే తోచింది.

ఇన్నేళ్ళ మాటలు పోగేస్తే ఒక మనిషి తయారయ్యాడు. ఆ మనిషికీ తనకూ తేడా ఏమిటి? ఈ ప్రశ్ననూ బరువు కింద పెడదామనుకున్నాడు. కానీ బస్సు కుదుపుకు అది మాటిమాటికీ తెరుచుకుంటోంది.

ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా జనం. కౌన్సెలర్ గది తలుపు మూసి ఉంది. ఇచ్చేవాళ్ళను ఆపరేషన్‌కు ముందు ఒంటరిగా కూర్చోబెట్టి చివరిసారి అడుగుతారు. అతని వంతు పదిన్నరకు. పై అంతస్తులో చంటి డయాలసిస్ మీద ఉన్నాడు. మంగళ, గురు, శనివారాలు పొద్దుటి పూట అతనిది అక్కడే కాపురం.

పాప వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

"మొత్తం విన్నాను నాన్నా."

"అన్నీనా?"

"ఫాస్ట్‌గా పెట్టుకుని. నీ గొంతు ఎలుకపిల్లలా ఉంది. అయినా నీదేనని తెలిసిపోతోంది."

అతను ముఖం తిప్పుకున్నాడు.

"అమ్మ చెప్పింది నిజమే. అమ్మవి ముప్పై ఒకటే. అన్నిట్లోనూ కాదనే. బతిమాలితే కాదంది, ఏడిస్తే కాదంది, కోప్పడితే మరీ కాదంది. ఆఖరిది విను. చిన్నదే."

వద్దనే లోపల ఒక ఇయర్‌ఫోన్ అతని చెవిలో పెట్టేసింది.

ఆమె గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. "సరేలే. నిన్నింక విసిగించను. ఆయన్ని కూడా అడగను. ఆయన ఒళ్ళు ఆయనది. తమ్ముడికి ఎలా రాసుంటే అలా." ఆ వెంటనే అతని గొంతు ఏదో మొదలుపెట్టింది. ఆమె కట్టేసింది.

తేదీ చూశాడు. అతను ఇస్తానన్న రోజుకు తొమ్మిది రోజుల ముందుది.

ఆ తర్వాత ఆమె దాని జోలికి పోలేదు. తననూ ఏమీ అడగలేదు. 'చంటి ఇవాళ నవ్వాడండీ' అన్నది ఉత్త మాటే. ఒక తమ్ముడు నవ్వితే ఒక అక్క చెప్పుకున్న మాట.

గుండెల మీంచి ఏదో కాస్త జరిగినట్టయింది. పూర్తిగా కాదు. అతను వెంట తెచ్చిన ఫ్లాస్కు మూత తీసి, టీ పోసి, లేచి వెళ్ళి ఆమె ముందు పట్టాడు. ఆమె తలెత్తలేదు కానీ రెండు చేతులతో అందుకుంది. టీ కాస్త చీర మీద ఒలికింది. అతను జేబురుమాలు తీసిచ్చాడు. ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ రుమాలు మీద జిగురు మరక ఒకటుంది. ఆమె దాని మీద బొటనవేలు పెట్టి రుద్దుతూ కూర్చుంది.

"నాన్నా." పాప లేచి వాళ్ళ పక్కకు వచ్చి కూర్చుంది. ట్యాబ్‌ను ఒళ్ళో బోర్లించి పట్టుకుంది. "నువ్వు చెప్పిన లెక్క కూడా తప్పు కాదు. ముప్పై రెండోది ఒకటుంది. అది అమ్మది కాదు."

"మరెవరిది?" అంది ఆమె.

"నువ్వు ఇస్తానన్న ఆ వారమే, మంగళవారం, పొద్దున పదకొండింటికి."

"మంగళవారం పదకొండింటికి నేను బడిలో..." ఆమె ఆగింది. "ఆ రోజు ట్యాబ్ తమ్ముడికిచ్చి వెళ్ళాను. మెషీను మీద పొద్దు పోవడం లేదు, సినిమా చూసుకుంటానన్నాడు."

పాప ఇయర్‌ఫోన్ల వైరు లాగేసింది. గొంతు తగ్గించి పెట్టింది. ముగ్గురి తలలూ దగ్గరికొచ్చాయి.

వెనక మెషీను గుర్రుమంటున్న చప్పుడు. చంటి గొంతు. "బావా, నాకు నీ కిడ్నీ కావాలి. ఇస్తావా?"

"నా వల్ల కాదురా. ఏమీ అనుకోకు."

"సరే. ఇలా కాదు." కాసేపటి తర్వాత మళ్ళీ. "బావా, నాకు ముప్పై నాలుగేళ్ళు. నీళ్ళలోకి దిగి ఏడాదైంది..."

"తెలుసురా. కానీ నా వల్ల కాదు."

"ఉండు, ఉండు. మళ్ళీ చెప్తాను." ఈసారి చాలాసేపు మెషీను చప్పుడే. తర్వాత గొంతు మారింది. మెత్తబడింది. "బావా, అక్క అడుగుతుందేమో. నువ్వు ఒప్పుకోవద్దు. నీ దగ్గర తీసుకోను. తీసుకుని రోజూ నీ ముఖం ఎలా చూడను? పిల్లలకు ఈత నేర్పేవాణ్ణి, మునగడం నాకు కొత్త కాదులే... నువ్వు మాత్రం నాకోసం నీ చేతులు పాడుచేసుకోకు."

"ఒరేయ్ చంటీ," అంది అతని గొంతు. "నువ్వు అడక్కపోయినా నేనిస్తానురా."

తర్వాత నవ్వు. చిన్న నవ్వు. చంటిది.

ఆ మాటలు బైండరుకు కంఠతా వచ్చు. ఆ మంగళవారం దాటి, గురువారం పొద్దున, ఇదే ఆసుపత్రి పై అంతస్తులో, మంచం అంచున కూర్చుని విన్నాడు. 'మునగడం నాకు కొత్త కాదులే' దగ్గర చంటి గొంతు పూడుకుపోయింది. అప్పుడే అతని లోపల ఏదో తెగింది. అదే మాట. అదే చోట ఆగడం. దానికి తను ఇచ్చిన జవాబు కూడా అదే, అక్షరం పొల్లుపోకుండా. ఆ రాత్రే భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాడు.

ఆమె కప్పు కింద పెట్టింది.  "వాడికి అది ఎలా దొరికింది? నేనెప్పుడూ చెప్పలేదే. వాడు... వాణ్ణి నేనెత్తుకు పెంచాను."

అతను ఆమె వైపు చూశాడు. పొద్దుటి నుంచీ మోసపోయింది తనొక్కడే అనుకున్నాడు. ఈ బెంచీ మీద ఇద్దరున్నారు.

తలుపు తెరుచుకుంది. అతని వంతు.

కౌన్సెలర్ నడివయసు మనిషి. కళ్ళద్దాలు దారానికి కట్టుకుని మెడలో వేసుకుంది. కాగితాలు తిప్పి, కొన్ని ప్రశ్నలడిగి, కళ్ళద్దాలు దింపింది.

"మీకొక సంగతి చెప్పాలి. ఇది అందరికీ చెప్తాం. మీరు వద్దనుకుంటే ఇక్కడే చెప్పేయొచ్చు. బయట ఎవరికీ తెలియదు. ఆఖరి పరీక్షల్లో కుదరలేదని మాత్రమే చెప్తాం. మీ ఇంట్లో మిమ్మల్నెవరూ ఒక్క మాట అనలేరు."

అతను తల ఊపాడు.

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదు."

"ఇది మీ సొంత నిర్ణయమేనా?"

ఆరు వారాల కిందట ఇదే కుర్చీలో ఇదే ప్రశ్నకు "నాదే" అన్నాడు. అంత గబుక్కున తను జవాబిచ్చిన ప్రశ్న మరొకటి లేదు.

ఇప్పుడు బొటనవేలు బల్ల అంచు మీద పెట్టాడు. పుస్తకం అంచు నునుపు చూసినట్టు నెమ్మదిగా జరిపాడు. ఔననొచ్చు. కాదనొచ్చు. ఏదన్నా ట్యాబ్‌లోని ఆ గొంతు ముందే అని ఉంటుంది. ఒక్కటే అది చెయ్యలేదు. ఇంత విన్నాడు, ఎక్కడా అది ఆగలేదు. తొమ్మిదేళ్ళ మాటలన్నీ తిన్నది, మాటకూ మాటకూ మధ్య తనున్న చోటు దానికి దొరకలేదు. అక్కడేముందో తనకూ తెలియదు.

కౌన్సెలర్ కలం పక్కన పెట్టేసింది. గడియారం వైపు చూడలేదు. ఆ ఒక్క పనికి అతను ఆమెకు మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

"ఎప్పటిలోగా చెప్పాలండీ?"

"పన్నెండుకు కాగితాలు పైకి పంపాలి. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్ వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది."

"ఆలోగా మళ్ళీ వస్తాను," అని లేచాడు.

డయాలసిస్ హాల్లో పన్నెండు మంచాలు. చంటిది కిటికీ పక్క. ఒకప్పుడు తలుపుకు అడ్డంగా ఉండే భుజాలు దుప్పటి కింద పిల్లాడి భుజాల్లా ఉన్నాయి. బావను చూడగానే కళ్ళు వెలిగాయి.

"ఏంటి బావా, అప్పుడే తేల్చేశారా? ఇంత తొందరగా నోరు విప్పావంటే ఆవిడెవరో గట్టిదే."

బైండరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాప దగ్గర తీసుకున్న ట్యాబ్‌ను దుప్పటి మీద పెట్టాడు. తెర మీద ఒక్క వరుసే కనిపిస్తోంది. ముప్పై రెండు. మంగళవారం. పదకొండు.

చంటి చూశాడు. నవ్వు ముఖం మీద ఉన్నచోటే కాసేపు ఉండి, తర్వాత ఒక్కొక్క చోటా ఖాళీ చేసింది.

"అక్కకు తెలుసా?"

"గుమ్మంలో ఉంది."

చంటి అటు చూడలేకపోయాడు. రక్తం గొట్టాల్లో పోతూ వస్తూ ఉంది. "భయమేసింది బావా. సినిమా కోసమే తెరిచాను. అక్క చేసినవి కనిపించాయి. అన్నిట్లోనూ కాదు, కాదు. ఈ మంచం మీద ఒక్కణ్ణే పడుకుని, అవన్నీ విన్నాను. నువ్వైతే ఏం చేసేవాడివి?"

బైండరు ట్యాబ్ తెర ఆర్పేశాడు.

"మాటలు ముందే అనుకున్నవే. ఒప్పుకుంటాను. కానీ గురువారం నీ ముందు చెప్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది బావా. అది నేర్చుకున్నది కాదు. ఒట్టు."

నిజమే కావచ్చు. కాకపోనూవచ్చు. చంటికి కూడా తెలియకపోవచ్చు.

"నా చేత ఇప్పించుకోవడానికి వద్దన్నావు," అన్నాడు బైండరు చివరికి. "ఆ ఒక్క మాటకే నిన్ను నా కడుపున పుట్టినవాడి కంటే ఎక్కువనుకున్నానురా."

చంటి కళ్ళు మూసుకున్నాడు.

"అడుగు," అన్నాడు బైండరు.

"ఏంటి?"

"వద్దని కాదు. కావాలని అడుగు. మొదట దాన్ని ఎలా అడిగావో, అలా. సూటిగా."

"అది కాదంది కదా బావా."

"అది అంది. నేనింకా ఏమీ అనలేదు. నేనేమంటానో నాకే తెలీదు. అడుగు."

చంటి బావ ముఖంలోకి చూశాడు. ఆ ముఖం మీద ఏమైనా రాసుందేమోనని వెతికాడు. ఏమీ దొరకలేదు. గుమ్మంలో ఆమె కూడా అలాగే చూస్తోంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి తర్వాత ఏమంటాడో తెలియక ఆమె ఇలా ఊపిరి బిగబట్టడం ఇదే మొదటిసారి.

గోడ మీద గడియారంలో పన్నెండుకు ఇంకా పావుగంట.

చంటి నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "బావా..." అన్నాడు.

ఆ తర్వాత మాట రాలేదు. బైండరు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.